డయాప్టమస్ ఐదో కాలు గారికి

మహారాజశ్రీ మగ డయాప్టమస్ వారి కుడి ఐదో కాలు గారికి, తిరుపతి నుంచి ఒక జువాలజీ రీసెర్చ్ స్కాలర్ నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ క్షేమం లేదు.

ఈ మధ్యాహ్నం భోజనం మానుకుని మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. చెరువు నీళ్ళలో తేలే ఆ డయాప్టమస్ అనే రొయ్యల దూరపు చుట్టం ఒంటి నుంచి విడదీసే దాకా తమరు బుద్ధిగానే ఉన్నారు. సూది కొనకు అంటుకున్నారు. అక్కడి నుంచి స్లైడు మీదికి రావలసిన ఆ అంగుళం దూరంలో మాయమయ్యారు. సూది మీద లేరు, గ్లిసరిన్ చుక్కలో లేరు. చొక్కా చేతి మీద కూడా వెతికాను. మొత్తం ప్రాణే మిల్లీమీటరో రెండో ఉంటుంది, అందులో కాలు ఎంతని వెతకను? మా ఊళ్ళో శ్రీవారి దర్శనానికైనా టైమ్ స్లాట్ ఇస్తారు. తమరి దర్శనానికి ఆ ఏర్పాటూ లేదు.

నా గొడవల్లా ఒక్కటే. ఆ ప్రాణికి ఈదే కాళ్ళు నాలుగు జతలున్నాయి, దాదాపు ఒళ్ళంత పొడుగు మీసాలున్నాయి, తోకకు ఈకల్లాంటి వెంట్రుకలున్నాయి. ఎంతసేపు చూసినా అవేవీ జాతి దాకా తీసుకుపోవు. పేరు తేలాలంటే కీ (ఒక్కో లక్షణం అడుగుతూ జాతి పేరు దాకా తీసుకుపోయే పట్టిక) తమరినే అడుగుతుంది: కొక్కెం ఎంత వంగింది, పక్క ముల్లు ఏ చోట మొలిచింది, లోపలి అంచున బుడిపె ఉందా లేదా. ఆడదానికి ఐదో కాళ్ళు రెండూ ఒకేలా ఉంటాయి, కీ వాటి మొహం కూడా సరిగా చూడదు. పిల్లల సంగతి మరీ అన్యాయం. ఆరు నాప్లియస్ దశలు, ఆ తర్వాత ఐదు కోపెపోడిడ్ దశలు దాటితే తప్ప తమరు పూర్తిగా తయారు కారు. నవంబర్ వానలకు నిండిన చెరువులో వలేస్తే నాకు పడింది దాదాపు అంతా ఆ పిల్లలే. సీసా అంతా గాలిస్తే ఎదిగిన మగది ఒక్కటి దొరికింది. దానికి తమరు చేసిన మర్యాద ఇది.

1836లో వెస్ట్‌వుడ్ అనే శాస్త్రవేత్త డయాప్టమస్ అని పేరు పెట్టాక దాదాపు వందేళ్ళు చాలా జాతులు అందులోనే సర్దుకున్నాయి. 1932లో కీఫర్ అనే మరో శాస్త్రవేత్త దాన్ని వేరువేరు పేర్లతో ముక్కలు చేశాడు. మన చెరువుల్లో తరచూ కనిపించేది హీలియోడయాప్టమస్ విడువస్ అయి కూర్చుంది. నోరు తిరగక మేం ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తాం. ఆ కొత్త పేరే రాసేద్దామంటే మా సార్ ఊరుకోరు.

"కాలు చూశావా?"

"పోయింది సార్."

"అయితే కుటుంబం పేరు రాసి వదిలెయ్."

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. కాలు పోయిందమ్మా అన్నాను. "అయ్యో, ఎవురిదిరా?" డయాప్టమస్‌ది అన్నాను. "వాళ్ళు మనకేమైతారు?"

చెరువు నీళ్ళలోని మిగతా బుల్లి ప్రాణులేదో ఉత్తములని కాదు. డాఫ్నియా, వేటాడే పురుగు వాసన నీళ్ళలో తగిలితే చాలు, తల మీద టోపీ పెంచుకుని వేరే జాతిలా నటిస్తుంది. ఆస్ట్రకాడ్ రెండు చిప్పలూ మూసుకుని కూర్చుంటుంది, పగలగొట్టనిదే పలకదు. ఒంటికన్ను సైక్లాప్స్ నారికురుపును మోసిన ఘనుడు. 2000లో ఆ రోగం దేశంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది గానీ, వీడు మాత్రం పాఠ్యపుస్తకంలో దర్జాగా ఉన్నాడు. అయినా వీళ్ళెవరూ ఒక్క కాలికి బతుకంతా కట్టెయ్యలేదు.

ఇక తమరూ లేదు, గిమరూ లేదు. ఏం చూసుకునిరా నీకింత పొగరు?

చూసుకునేదీ ఉందిలే. మగది ముందు వంగే కుడి మీసంతో ఆడదాన్ని అందుకుంటుంది, ఆ తర్వాత నీ కొక్కెంతో పట్టు బిగిస్తుంది, వీర్యపు సంచిని తెచ్చి అంటించేది ఎడమ కాలు. ఆ పట్టు ఒక్కో జాతికి ఒక్కో తీరు. అందుకే కీ నిన్ను వదలదు. సీనియర్ స్లైడులో నిన్ను మొదటిసారి చూసినప్పుడు, ఆ వంపు గీయడానికి పెన్సిల్ చెక్కుకుని మరీ కూర్చున్నాను. అంత అందం ఉన్నవాడివి, స్లైడు దాకా వచ్చి చస్తే నీ సొమ్మేం పోయింది?

రేపు చంద్రగిరి దోవలో ఇంకో చెరువుకు పోతున్నా. ఈసారి మగది పడితే నిన్ను ఉన్నచోటే బొమ్మ గీసుకుని, ఆ తర్వాతే సూది పడతా.

ఇట్లు,
మెడ పట్టేసిన స్కాలర్

తా.క.: నీ ఎడమ జోడు స్లైడులో భద్రంగా ఉంది. కవర్ స్లిప్ అంచులకు గోళ్ళ రంగు కూడా పూశాను. పొద్దున ఎనిమిదింటికి ల్యాబ్ ఊడ్చే ఆమె వస్తుంది, ఆలోగా బయటపడితే నీకే మంచిది.