డాక్సీ రాస్తే పారిపోవాలా?

ఫ్యామిలీ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చివరికి టెన్త్ బ్యాచ్ గ్రూపులోనూ డాక్సీసైక్లిన్ (డాక్సీ) అనే యాంటీబయాటిక్ మీద అదే మెసేజ్. "డాక్సీసైక్లిన్ రాసే డాక్టర్ దగ్గర నుంచి పారిపోండి. ఫారిన్‌లో బ్యాన్ చేశారు. కిడ్నీలు పోతాయి, గొంతు కాలిపోతుంది, పిల్లల పళ్లు జీవితాంతం పసుపే. జ్వరం తగ్గకపోతే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ అడగండి." కింద వరసగా దండం బొమ్మలు.

బ్యాన్ చేసిన దేశం పేరు మాత్రం రాయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో డాక్సీ ఉంది, మన జాతీయ జాబితాలోనూ ఉంది. అయిపోయింది ఆ పాయింటు.

కిడ్నీలా? 1960ల్లో గడువు తీరి పాడైన టెట్రాసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్ మింగిన కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ కథే ఇంకా తిరుగుతోంది. డాక్సీ ఆ కుటుంబంలోదే గానీ, కిడ్నీ సరిగా పనిచేయని వాళ్లకు కూడా మామూలుగా డోసు తగ్గించకుండానే ఇస్తారు.

గొంతు మాట సగం నిజం. గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే మాత్ర అన్నవాహికలో అతుక్కుని పుండు పడుతుంది. గ్లాసుడు నీళ్లు తాగి అరగంట కూర్చుంటే సరి. ఎండకు చర్మం కందిపోవడం కూడా ఉంది, అది ఈ మేధావికి తట్టలేదు.

నాకు ఒళ్లు మండింది మాత్రం ఆ ఇంజెక్షన్ సలహాకి. స్క్రబ్ టైఫస్ గురించి వినే ఉంటారు. పొలాల్లో, పొదల్లో తిరిగినప్పుడు చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగు కుట్టి ఒంట్లోకి ఎక్కించే బ్యాక్టీరియా జ్వరం అది. కొందరికి చంకలోనో, గజ్జల్లోనో, మొలతాడు దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. నొప్పీ దురదా ఉండవు కాబట్టి వెతికితేనే దొరుకుతుంది. ఆ బ్యాక్టీరియా మన కణాల లోపలే కాపురం పెడుతుంది. సెఫ్ట్రియాక్సోన్ దాన్నేమీ చేయలేదు. ఇంజెక్షన్ పడిందిలే అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా కూర్చుంటే, లోపల ఊపిరితిత్తులు, మెదడు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అవును, కిడ్నీలే! వాటిని కాపాడదామని బయల్దేరిన మెసేజ్ చేసే నిర్వాకం ఇది. టైముకి డాక్సీ పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ముదిరిన కేసుల్లో డాక్సీ, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే మేలని మన దేశంలోని ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2023లో తేల్చింది.

ఇక పళ్లు. పాత టెట్రాసైక్లిన్‌తో మరకలు పడేవి, నిజమే. అమెరికాలో ఎనిమిదేళ్లలోపు డాక్సీ వాడిన 58 మంది పిల్లల పళ్లు పరీక్షిస్తే ఒక్కరికీ అలాంటి మరక లేదు. 21 రోజుల లోపు కోర్సయితే ఏ వయసులోనైనా ఇవ్వొచ్చని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘమే చెబుతోంది. పళ్లు తళతళలాడాలంటే ముందు పిల్లాడు జ్వరం నుంచి బయటపడాలి కదండీ! గర్భిణుల సంగతి వేరు, అది డాక్టరే చూడాలి.

ఇంత తిట్టాను గానీ, మెసేజ్ అడుగున ఇంకో లైను ఉంది: "ప్రతి జ్వరానికీ షాపువాడిచ్చే డాక్సీ వేసుకోకండి." ఇది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. డెంగ్యూకీ ఫ్లూకీ ఇది పనిచేయదు. అయినా చీటీ అడక్కుండా స్ట్రిప్పులోంచి నాలుగు మాత్రలు కత్తిరించి చేతిలో పెట్టే షాపులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. పైదంతా చెరిపేసి ఆ ఒక్క లైనూ పంపండి, నేనే నాలుగు గ్రూపుల్లో పెడతాను.