అమెరికావాళ్ళంతా ఇలాంటివాళ్ళే అని లోకం అంటూనే ఉంటుంది. ఏ అమెరికావాడిని చూసి అన్న మాట అది?

1942లో బ్రిటన్‌కు ఓడలెక్కుతున్న తమ సైనికుల చేతిలో అమెరికా యుద్ధ శాఖ ఒక చిన్న పుస్తకం పెట్టింది. ఊరుగాని ఊళ్ళో ఎలా మసలుకోవాలో అందులో రాశారు. గొప్పలు చెప్పుకోవద్దు, మీ జీతం అక్కడి సిపాయి జీతం కంటే బాగా ఎక్కువ కనుక అతని ఎదుట డబ్బు వెదజల్లవద్దు, వాళ్ళ రాజునూ రాణినీ తప్పుపట్టవద్దు, వాళ్ళకు మంచి కాఫీ పెట్టడం రాదు, మీకు మంచి టీ పెట్టడం రాదు, చెల్లుకు చెల్లు అన్నది దాని ధోరణి. తన మనుషుల మీద పరదేశంలో ఎలాంటి ముద్ర పడబోతోందో ఆ ప్రభుత్వానికి ముందే తెలుసన్నమాట.

అయినా ముద్ర పడనే పడింది. 1944 మధ్యనాటికి సుమారు 15 లక్షల మంది అమెరికన్ సైనికులు బ్రిటన్‌లో ఉన్నారు. వాళ్ళకు జీతం ఎక్కువ, ఆడపిల్లల మీద మోజు ఎక్కువ, పైగా మకాం మన గడ్డ మీదే అని అర్థం వచ్చే చమత్కారం ఒకటి ఇంగ్లీషువాళ్ళ నోట నానింది. ఇప్పటికీ అమెరికన్ స్వభావానికి ఉదాహరణగా దాన్ని ఉటంకిస్తూనే ఉంటారు. నాకు మాత్రం అందులో అమెరికన్ స్వభావం కంటే సైనికుడి స్వభావమే ఎక్కువగా కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడు, ఇంటికి వేల మైళ్ళ దూరంలో, జేబులో డబ్బుతో, వచ్చే నెల బతికుంటాడో లేడో తెలియని స్థితిలో, రేషన్ కార్డుల మీద రోజులు నెట్టుకొస్తున్న ఒక చిన్న ఊళ్ళో దిగితే అతను ఏ దేశపువాడైనా అక్కడివాళ్ళకు దుబారా మనిషిగా, దూకుడు మనిషిగానే కనిపిస్తాడు. బ్రిటిష్ సిపాయిల గురించి మన కంటోన్మెంట్ ఊళ్ళలో పెద్దవాళ్ళు చెప్పుకున్న మాటలు ఇంతకంటే మెత్తగా ఏమీ లేవు.

అదే బ్రిటన్‌లో ఆ ముద్రకు పూర్తిగా ఎదురు తిరిగిన సంగతి కూడా ఉంది. వచ్చిన సైనికుల్లో లక్షకు పైగా నల్లజాతివారున్నారు. వాళ్ళను వేరు దళాల్లో, వేరు కొలువుల్లో ఉంచిన అమెరికన్ సైన్యం ఆ వివక్షను బ్రిటిష్ ఊళ్ళలో కూడా అమలు చేయాలని చూసింది. 1943లో లాంకషైర్‌లోని బాంబర్ బ్రిడ్జ్ అనే ఊళ్ళో అమెరికన్ మిలిటరీ పోలీసులు పబ్బుల్లో రంగు భేదం పాటించమంటే, అక్కడి పబ్బులవాళ్ళు ‘నల్ల సైనికులకు మాత్రమే ప్రవేశం’ అని బోర్డులు పెట్టారని చెబుతారు. అమెరికావాళ్ళు బాగానే ఉన్నారు గాని, వాళ్ళు వెంట తెచ్చుకున్న ఆ తెల్లవాళ్ళే మాకు నచ్చలేదని ఒక పల్లెటూరాయన అన్నట్టుగా ఒక హాస్యోక్తి కూడా అప్పట్లో ప్రచారంలో ఉండేది. అమెరికన్ అనగానే మనసులో మెదిలే మనిషి ఏ రంగులో ఉంటాడన్నది చిన్న ప్రశ్న కాదు. మన సంగతికి వచ్చినప్పుడు దాన్ని మళ్ళీ ఎత్తుకోవలసి ఉంటుంది.

సైనికుడి కంటే ముందు ఐరోపావాళ్ళకు అమెరికన్‌ను పరిచయం చేసినవారు యాత్రికులు. ఫ్రాన్సెస్ ట్రాలోప్ అనే ఇంగ్లీషు మహిళ 1820ల చివర సిన్సినాటిలో అంగడి పెట్టి నష్టపోయింది. తిరిగి వచ్చి 1832లో అమెరికన్ల ఇంటి మర్యాదల మీద ఒక పుస్తకం రాసి, ఆ నష్టాన్ని పూడ్చుకోవడమే కాక పేరు కూడా సంపాదించింది. గబగబా మింగడం, పొగాకు నమిలి ఎక్కడపడితే అక్కడ ఉమ్మడం అందులో ఆమె వర్ణించిన అమెరికన్ లక్షణాలు. 1842లో వెళ్ళిన చార్లెస్ డికెన్స్‌కు కూడా వాషింగ్టన్‌లో ప్రముఖంగా కనబడింది ఉమ్మే. ఆయన పుస్తకాలను అమెరికన్ ముద్రాపకులు పైసా ఇవ్వకుండా అచ్చు వేసుకుంటున్నారన్న కోపం కూడా ఆయనకు ఉండేదని తెలిస్తే ఆ వర్ణనలు మరికాస్త జాగ్రత్తగా చదువుతాం. ఇద్దరూ చూసింది అబద్ధమని కాదు. కాని ఈ రోజు అమెరికన్ అంటే ఉమ్మేవాడని ఎవరూ అనరు. పొగాకు నమలడం తగ్గింది, జాతి స్వభావమనుకున్నది దానితోపాటే మాయమైంది. దాని స్థానంలోకి నవ్వు వచ్చింది.

ఆ నవ్వు గురించి కొంచెం నిలిచి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రోజుల్లో అమెరికన్ల మీద అన్ని దేశాలవాళ్ళూ చేసే ఫిర్యాదు అదే: ఊరికే నవ్వుతారు, ఆ నవ్వులో నిజం ఉండదు. 1990 జనవరి 31న మాస్కోలో పుష్కిన్ చౌరస్తా వద్ద మెక్‌డొనాల్డ్స్ తలుపులు తెరిచినప్పుడు, కౌంటరు వెనక నిలబడే సోవియట్ యువతీయువకులకు వంటతోపాటు నవ్వడంలో కూడా శిక్షణ ఇచ్చారు. కారణం లేని నవ్వు మూర్ఖుడి గుర్తు అన్న సామెత ఉన్న దేశం అది. నవ్వు నాలుగు విధాల చేటు అని మనకూ ఒకటి ఉంది కనుక ఆ కౌంటరు ముందు నిలబడ్డ మాస్కో పెద్దమనిషి ఇబ్బంది మనకు బోధపడుతుంది. జర్మనీలో వాల్‌మార్ట్ 1990ల చివర అడుగుపెట్టి, గుమ్మంలో నిలబడి పలకరించే ఉద్యోగులను పెట్టింది. కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళలో కొందరికి ఆ పలకరింపు మర్యాదలా కాక మీద పడటంలా అనిపించింది. 2006లో కంపెనీ దుకాణాలు అమ్ముకుని వెళ్ళిపోయింది. దానికి వ్యాపార కారణాలే పెద్దవి, నవ్వు మీద ఆ నష్టమంతా మోపడం కథ చెప్పేవాళ్ళ ముచ్చట.

అమెరికన్లకు ఆ అలవాటు ఎందుకొచ్చిందన్న దానికి 2015లో వెలువడిన ఒక అధ్యయనం ఇచ్చిన సమాధానం నాకు సబబుగా తోచింది. గత 500 ఏళ్ళలో ఎన్నో దేశాల నుంచి వలస వచ్చినవారితో నిండిన సమాజాల్లో మనుషులు భావాలను ముఖంమీద ఎక్కువగా కనబరుస్తారని, తరతరాలుగా ఒకే రకం జనం ఉన్న చోట అంత అవసరం పడదని 32 దేశాల సమాచారం ఆధారంగా ఆ పరిశోధకులు తేల్చారు. పక్కవాడి భాష రాదు, కులగోత్రాలు తెలియవు, అతను మంచివాడో కాదో చెప్పే మధ్యవర్తి లేడు. అలాంటి చోట నీకు నా వల్ల హాని లేదని ముఖమే చెప్పాలి. మన ఊళ్ళో ఆ పనిని ‘ఎవరబ్బాయివి?’ అన్న ప్రశ్న చేస్తుంది. ఎలా ఉన్నావని అడిగి జవాబు వినకుండా వెళ్ళిపోతారని అమెరికా వెళ్ళిన మన విద్యార్థులు మొదటి నెలలో నొచ్చుకుంటారు. భోంచేశారా అని మనం అడిగినప్పుడు లేదంటే అప్పటికప్పుడు ఎసరు పెట్టబోమని వాళ్ళకు గుర్తు రాదు.

ముద్రలకూ మనుషులకూ మధ్య దూరం ఎంతో కొలిచే ప్రయత్నం కూడా జరిగింది. 49 సంస్కృతుల వారిని తమ జాతి స్వభావం ఎలాంటిదని అడిగి, ఆ జవాబులను ఆయా చోట్ల విడివిడిగా మనుషుల వ్యక్తిత్వాన్ని కొలిచిన ఫలితాలతో పోల్చిన ఒక పెద్ద పరిశోధన 2005లో సైన్స్ పత్రికలో వచ్చింది. రెండింటికీ పొంతన కుదరలేదు. అందులో నాకు బాగా నచ్చింది అమెరికా, కెనడాల సంగతి. అమెరికన్లు తమను దూకుడువాళ్ళమనుకుంటారు, కెనడియన్లు తమను నెమ్మదస్తులమనుకుంటారు. వ్యక్తిత్వ కొలతల్లో మాత్రం ఇద్దరూ ఇంచుమించు ఒకేలా ఉన్నారు. పొరుగువాడిలా కాకపోవడమే కెనడియన్ తన గురించి చెప్పుకునే మొదటి లక్షణం. పరదేశాల్లో తిరిగే అమెరికన్ యువకులు కొందరు సంచికి కెనడా ఆకు జెండా కుట్టించుకోవడం ఆ తేడాను రెండు వైపులవాళ్ళూ నమ్మడం వల్లనే.

అన్ని ముద్రలూ ఇలా కరిగిపోతాయని నేననను. అమెరికన్‌కు లోకజ్ఞానం తక్కువన్న మాటనే తీసుకోండి. 1990లో వందమందిలో ఐదుగురికి మించి పాస్‌పోర్టు లేదని, ఇప్పుడు దాదాపు సగం మందికి ఉందని, కెనడా, మెక్సికోల నుంచి తిరిగి రావడానికి 2007 వరకు, రోడ్డు మార్గాన 2009 వరకు పాస్‌పోర్టు అవసరమే లేదని, యూరోపియన్ యూనియన్‌లో ఏటా కనీసం నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ఇస్తుంటే అమెరికా జాతీయ చట్టం ఒక్క రోజూ ఇవ్వదని చెబితే ఆ మాట పదును కొంత తగ్గుతుంది. కాని పూర్తిగా పోదు. ఎక్కడో ఉన్న ఒక చిన్న దేశపు రైతుకు ప్రపంచ పటం తెలియకపోతే నష్టం అతనికే. తన ఓటుతో ఏర్పడిన ప్రభుత్వం ఏ దేశం మీద బాంబు వేస్తుందో ఆ దేశం పటంలో ఎక్కడుందో తెలియని మనిషి అజ్ఞానానికి మూల్యం వేరెవరో చెల్లిస్తారు. ఈ ఒక్క ఫిర్యాదు విషయంలో నేను ఫిర్యాదుదారుల పక్షమే.

ఈ అజ్ఞానం మీద అమెరికన్లే రాసిన కథ ఒకటి చిత్రమైన గతి పట్టింది. 1958లో వచ్చిన ‘ది అగ్లీ అమెరికన్’ అనే నవల ఆగ్నేయాసియాలో అమెరికన్ దౌత్యవేత్తలు స్థానిక భాష రాకుండా, రాజధాని దాటకుండా ఎలా బతుకుతున్నారో ఎత్తిచూపింది. కాని ఆ నవలలో కురూపి అయిన అమెరికన్ చెడ్డవాడు కాదు. చేతులకు మకిలి అంటించుకుని, పల్లెవాళ్ళతో కలిసి సైకిలు తొక్కితే నడిచే నీటి పంపు తయారుచేసిన ఇంజనీరు అతను. చదవనివాళ్ళు ఎక్కువ కావడంతో ఆ పేరు నోరు పెద్దగా చేసుకుని తిరిగే పర్యాటకుడికి అంటుకుని, అలాగే ఉండిపోయింది.

ప్రభుత్వాన్నీ ప్రజలనూ లోకం వేరు చేసి చూడగలదా అన్నది మరో ప్రశ్న. చూడగలదనడానికి ఆధారాలున్నాయి. 1979 నుంచి అమెరికాను మహాసైతాను అంటూ వచ్చిన ఇరాన్‌లో, 2001 సెప్టెంబరు దాడుల తర్వాత యువత టెహ్రాన్ వీధుల్లో కొవ్వొత్తులు వెలిగించి మృతులకు నివాళి పట్టింది. లక్షలాది మందిని కోల్పోయిన వియత్నాంలో 2017లో ప్యూ సంస్థ సర్వే చేస్తే 84 శాతం మంది అమెరికా పట్ల సుముఖత చూపారు. అన్నిటికంటే కఠినమైన తీర్పు మాత్రం లోపలి నుంచే వచ్చింది. అదే సంస్థ 2005లో అడిగినప్పుడు అమెరికన్లు దురాశాపరులని పదిమంది అమెరికన్లలో ఏడుగురు ఒప్పుకున్నారు. పరాయిదేశాల్లో ఎక్కడా అంత నిష్పత్తి రాలేదు.

ఇక మన అమెరికావాడు. తెలుగు నేలమీద మొదట ఎదురైన అమెరికన్ సైనికుడూ కాదు, పర్యాటకుడూ కాదు, మిషనరీ. 1840లో నెల్లూరులో బాప్టిస్టులు, 1842లో గుంటూరులో లూథరన్ మిషనరీ హేయర్ అడుగుపెట్టారు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, తిండిలేని వేలాది మందికి కూలి ఇప్పించాడు. ఆ ప్రాంతంలో ఆయన క్లౌ దొర. మిషనరీ ఉద్దేశాల మీద ఎవరి అభిప్రాయం వారిది. కాని ఆ కాలపు మాదిగ పల్లెల్లో అమెరికన్ అంటే ఆస్పత్రి, బడి, కూలి. ఆ తర్వాతి తరానికి అమెరికా అంటే పీఎల్ 480 అనే ఆహార సహాయ చట్టం కింద వచ్చిన గోధుమలు, బడిలో కేర్ అనే సేవా సంస్థ వాళ్ళ ఉప్మా, పాలపొడి. అన్నం పెట్టిన చేతిమీద కృతజ్ఞత, చేయి చాచవలసి వచ్చిందన్న రోషం ఆ తరంలో కలిసే ఉండేవి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు అమెరికా ఏడో నౌకాదళపు ఓడలు బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు ఆ రోషమే పైకి తేలింది. పొలాల్ని ఆక్రమించిన వయ్యారిభామ కలుపు కూడా ఆ గోధుమలతోనే వచ్చిందని మన పల్లెల్లో గట్టిగా నమ్ముతారు.

ఇప్పటి తెలుగు ఇళ్ళలో అమెరికన్ పూర్తిగా వేరే మనిషి. పద్దెనిమిదేళ్ళు రాగానే పిల్లల్ని బయటకు పంపేస్తాడు, పెళ్ళాన్ని మార్చేస్తాడు, తల్లిదండ్రుల్ని వృద్ధాశ్రమంలో పెడతాడు. 1981లో వెయ్యి మందికి 5.3 ఉన్న విడాకుల రేటు 2022 నాటికి 2.4కు పడిపోయిన సంగతి సంబంధాలు చూసే పెద్దలకు ఎవరూ చెప్పరు. చెప్పినా వినరు, ఎందుకంటే ఈ అమెరికన్‌ను మనం సృష్టించుకున్నది అతన్ని అర్థం చేసుకోవడానికి కాదు, అక్కడ పెరుగుతున్న మన పిల్లలను భయపెట్టడానికి. ఇంకొక సంగతి దీనికంటే ఇబ్బందికరమైనది. మనవాళ్ళ సంభాషణలో అమెరికన్ అంటే తెల్లవాడే. నల్లవాళ్ళు నల్లవాళ్ళు, మెక్సికోవాళ్ళు మెక్సికోవాళ్ళు. 2020 జనాభా లెక్కల ప్రకారం లాటినోలు కాని శ్వేతజాతివారు 57.8 శాతమే. మిగతావారి గురించి కొత్తగా వెళ్ళిన విద్యార్థికి మనవాళ్ళిచ్చే మొదటి సలహా ఏ ఏరియాలో అద్దెకు దిగకూడదన్నది. బాంబర్ బ్రిడ్జ్ పబ్బులవాళ్ళు ఒప్పుకోని గీతను మనం అక్కడ దిగకముందే గీసుకుంటున్నాం.

అటువైపు నుంచి కూడా చూపు ఇలాగే పనిచేస్తుంది. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో పక్కింట్లో తెలుగు కుటుంబం ఉన్న అమెరికన్‌కు, భారతీయుడంటే లెక్కలు బాగా వచ్చినవాడు, కంప్యూటర్ ముందు కూర్చునేవాడు, మాంసం ముట్టనివాడు. అతను చూసిందల్లా వీసా జల్లెడలోంచి దిగిన మనుషులనే. వీసా ఆఫీసు మెట్లెక్కని ప్రకాశం జిల్లా కూలీని అతనెప్పుడూ చూడలేదు. క్లౌ చూశాడు.