మెదడు ‘కాలిపోయింది’ అంటున్న ఆ మెసేజ్ సంగతి

“సైకోసిస్ మొదటిసారి వచ్చినప్పుడే మెదడులోని తెల్ల పదార్థం కాలిపోతుంది. ఎంఆర్‌ఐ తీస్తే అది తెలిసిపోతుంది. డాక్టర్లిచ్చే మందులు మిగిలినదాన్ని కూడా తినేస్తాయి. పోయింది ఇక రాదు. అందుకే మందులు మానేసి చేపనూనె మాత్రలు వాడండి.” కొంచెం అటూ ఇటూగా ఇదీ చేతులు మారుతున్న మెసేజ్. లేని గొంతులు వినిపిస్తున్నాయనో, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారనో ఇంట్లో ఒకరు అనడం మొదలుపెట్టగానే (సైకోసిస్ అంటే ఇలా వాస్తవంతో సంబంధం తెగిపోవడమే) ఎవరో ఒకరు దీన్ని పంపుతారు. మొత్తం అబద్ధమైతే కొట్టిపారేయడం తేలిక. ఇందులో కొంత నిజం కూడా కలిసి ఉంది, చిక్కంతా దానితోనే.

“కాలిపోతుంది”

తెల్ల పదార్థం అంటే మెదడులో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కబురు మోసే పొడవాటి నాడీ పోగులు, వాటి మీది మైలిన్ అనే కొవ్వు తొడుగు. సైకోసిస్ మీద చేసే మెదడు పరిశోధనల్లో ఎక్కువగా వాడే డిఫ్యూజన్ ఎంఆర్‌ఐ ఈ పోగుల్ని నేరుగా చూడదు. నీళ్ళ కదలికను చూస్తుంది. నీటి అణువులు పోగు పొడవునా సులువుగా కదులుతాయి, అడ్డంగా కదలడం కష్టం. ఆ తేడాను సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకెగా చెప్తారు. దాని పేరు ఫ్రాక్షనల్ అనైసోట్రపీ, పొట్టిగా ఎఫ్‌ఏ. తొలిదశ సైకోసిస్‌లో ‘మార్పులు కనిపించాయి’ అని వచ్చే వార్తల్లో చాలావాటికి మూలం ఈ అంకె సగటున కాస్త తగ్గడమే.

అది ఎందుకు తగ్గుతుంది? స్కాన్ మెదడును సుమారు 2 మిల్లీమీటర్ల ఘనాలుగా విడగొట్టి చూస్తుంది. ఒక పోగు మందం మామూలుగా మిల్లీమీటరులో వెయ్యో వంతు దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఒక్కో ఘనంలో లక్షల పోగులు, వాటన్నిటికీ కలిపి ఒకే అంకె. మైలిన్ పలచబడితే అది తగ్గవచ్చు. రెండు పోగుల కట్టలు ఆ చోట ఒకదాన్నొకటి దాటుతున్నా తగ్గుతుంది, అందులో జబ్బేమీ లేదు. పోగుల మధ్య నీరు పెరిగినా తగ్గుతుంది. యంత్రంలో పడుకున్న మనిషి టెన్షన్‌తో తల కదిపినా లెక్క తారుమారవుతుంది.

2012లో పాస్టర్నాక్ బృందం పోగుల మధ్య స్వేచ్ఛగా తిరిగే నీటిని విడిగా లెక్కగట్టింది. తొలి ఎపిసోడ్‌లో, అంటే జబ్బు మొదటిసారి బయటపడిన దశలో ఉన్న 18 మందిలో ఆ నీరు మెదడంతటా ఎక్కువగానే ఉంది. పోగులకే సంబంధించిన మార్పు మాత్రం ముందు భాగంలో కొద్ది చోట్లకే పరిమితమైంది. అలా నీరు పెరగడానికి ఇన్‌ఫ్లమేషన్ (కణజాలంలో వాపు) ఒక కారణం కావచ్చని అనుకున్నారు. చిన్న అధ్యయనమే, తుది తీర్పు కాదు. అయినా అందులో కాలడం, బూడిదవడం ఎక్కడా లేవు.

“ఎంఆర్‌ఐ తీస్తే తెలిసిపోతుంది”

నన్నడిగితే మెసేజ్‌లో ఎక్కువ డబ్బు తగలేయించే మాట ఇదే. 2018లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం స్కిజోఫ్రీనియా (సైకోసిస్ ముఖ్య లక్షణంగా ఉండే జబ్బు) ఉన్న 1,963 మందినీ, లేని 2,359 మందినీ పోల్చింది. జబ్బున్నవాళ్ళలో అందరూ తొలిదశవాళ్ళేమీ కారు. చూసిన 25 చోట్లలో 20 చోట్ల ఎఫ్‌ఏ తక్కువే వచ్చింది. కాబట్టి తేడా ఉందన్నది నిజం. అయితే అన్నిటికంటే పెద్ద తేడా, అంటే మెదడు మొత్తం సగటులో కనిపించినది, గణాంక భాషలో 0.42. దాని అర్థం ఇదీ: జబ్బున్న ఒకరినీ, లేని ఒకరినీ జతగా తీసుకుంటూ పోతే, వంద జతల్లో సుమారు 62 సార్లు జబ్బున్నవారి అంకె తక్కువ ఉంటుంది. మిగతా 38 సార్లు జబ్బు లేనివారిదే తక్కువ! ఇలాంటి అంకె పట్టుకుని ఎదురుగా కూర్చున్న మనిషికి జబ్బు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం.

మరి డాక్టర్లు ఎంఆర్‌ఐ ఎందుకు రాస్తారంటే, కణితో మెదడువాపో ఇలాంటి లక్షణాలకు కారణం కాదని తేల్చుకోవడానికి. సైకోసిస్ నిర్ధారణ మాత్రం మనిషితో మాట్లాడి, ఇంట్లోవాళ్ళు చెప్పింది విని చేసేదే. ఇంకో సంగతి: రిపోర్టులో అప్పుడప్పుడు రాసే ‘వైట్ మ్యాటర్ హైపర్‌ఇంటెన్సిటీస్’, అదే తెల్ల మచ్చలు, ఈ ఎఫ్‌ఏ గొడవకు చెందినవి కావు. వయసు, బీపీ, మైగ్రేన్ ఉన్నవాళ్ళలో అవి తరచుగా కనిపిస్తాయి.

“మందులే తినేస్తాయి”

ఇది గాల్లోంచి పుట్టిన భయం కాదు. 2011లో ఆండ్రియాసెన్ బృందం 211 మందిని ఏళ్ళ తరబడి స్కాన్ చేసింది. యాంటీసైకోటిక్ మందులు ఎక్కువ వాడినవాళ్ళలో మెదడు కణజాల పరిమాణం కొంత ఎక్కువ తగ్గింది. అందుకే పనిచేసే అతి తక్కువ మోతాదు చాలంటారు. కానీ పైన చెప్పిన ఎనిగ్మా లెక్కలో మందు మోతాదుకీ ఎఫ్‌ఏకీ సంబంధం తేలలేదు. మందు ఇంకా మొదలుపెట్టనివాళ్ళలోనూ తెల్ల పదార్థపు తేడాలు చూసిన అధ్యయనాలున్నాయి. తేడాలన్నీ మందులవల్లే అనడం కుదరదు.

ఇక మానేస్తే ఏమవుతుందో 1999లో రాబిన్సన్ బృందం చూపించింది. తొలి ఎపిసోడ్ నుంచి కోలుకున్నవాళ్ళలో మందు ఆపినవారికి జబ్బు తిరగబెట్టే ముప్పు దాదాపు ఐదు రెట్లు. సైడ్ ఎఫెక్ట్స్ భరించలేకపోతే మోతాదు తగ్గించమనీ మందు మార్చమనీ డాక్టర్ని గట్టిగా అడగండి. మెసేజ్ చూసి ఒక్కసారిగా ఆపడం వేరే సంగతి.

“పోయింది ఇక రాదు”

అసలు పోయిందని ఎవరు తేల్చారు? చాలా పోగుల కట్టల్లో ఎఫ్‌ఏ ఇరవైల్లో, కొన్నిటిలో ముప్పైల్లో కూడా పెరుగుతూనే ఉంటుంది. సైకోసిస్ ఎక్కువగా మొదలయ్యేది కూడా సరిగ్గా ఆ వయసులోనే. కుర్రవాళ్ళలో కనిపించే తక్కువ అంకె ఉన్నది పోవడం కాక, ఎదుగుదల వెనకబడటం కూడా కావచ్చు. పైగా తెల్ల పదార్థం పెద్దయ్యాక గట్టిపడిపోయే వస్తువేం కాదు. 2009లో ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళకు ఆరు వారాలపాటు మూడు బంతులు ఎగరేసి పట్టుకోవడం నేర్పిస్తే, చూపునూ చేతినీ కలిపే చోట వాళ్ళ ఎఫ్‌ఏ పెరిగింది. బంతులాట సైకోసిస్‌కు మందని ఎవరూ అనడం లేదు లెండి.

“చేపనూనె వాడండి”

2010లో వియన్నాలో సైకోసిస్ వచ్చే ముప్పు ఎక్కువున్న 81 మంది మీద చేసిన ప్రయోగంలో చేపనూనెలో ఉండే ఒమేగా-3 అనే కొవ్వు నిజంగానే మేలు చేసినట్టు కనిపించింది. 2017లో 304 మందితో మళ్ళీ చేస్తే ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కాలేదు. మెసేజ్ మొదటి సగమే చెప్తుంది. పైగా ఆ రెండు ప్రయోగాల్లో ఉన్నవాళ్ళు ఇంకా సైకోసిస్ రానివాళ్ళు. వచ్చేసినవాళ్ళ మందు మాన్పించి ఈ మాత్రలివ్వడానికి వాటిని సాక్ష్యంగా చూపడం ఏ లెక్కా కాదు.

మాత్రలు పనిచేస్తాయేమో చూద్దామని ఆగిన నెలలకు ఖరీదుంది. 2015లో అమెరికాలో వెలువడిన రైజ్ అధ్యయనంలో తొలి ఎపిసోడ్ ఉన్న 404 మంది పాల్గొన్నారు. మందుతోపాటు కౌన్సెలింగ్, కుటుంబానికి అవగాహన, చదువుకో ఉద్యోగానికో సాయం కలిపి ఇచ్చిన చికిత్స మామూలు చికిత్సకన్నా మెరుగ్గా పనిచేసింది. సైకోసిస్ మొదలయ్యాక 74 వారాలలోపు వైద్యం అందినవాళ్ళలో ఆ మేలు ఇంకా ఎక్కువగా కనిపించింది.