సర్పంచి లేని రెండున్నరేళ్ళు

మా ఊరి పంచాయతీ ఆఫీసులో గోడకి ఒక బోర్డు ఉంది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో ఇప్పటిదాకా పనిచేసిన సర్పంచుల పేర్లు, వాళ్ళ పదవీకాలాలు రాసి ఉంటాయి. కోనసీమలో చాలా ఊళ్ళలో ఇలాంటివి కనిపిస్తాయి. మొన్న ఇంటిపన్ను కట్టడానికి వెళ్ళి, సెక్రటరీ వచ్చేదాకా కూర్చుని దాన్ని చదివాను. 2013లో గెలిచినవారి పేరు, దాని కిందే 2021లో గెలిచినవారి పేరు. మధ్యలో ఖాళీ లేదు. పెయింటరు వరుస కలిపేశాడు.

కానీ ఖాళీ ఉంది. 2018 ఆగస్టులో పాత పాలకవర్గాల గడువు అయిపోయింది. మళ్ళీ మేం ఓటు వేసింది 2021 ఫిబ్రవరిలో. ఆ రెండున్నరేళ్ళూ రాష్ట్రమంతా స్పెషలాఫీసర్ల పాలనే. గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తి చేయాలని రాజ్యాంగంలోని 243ఇ అధికరణం సూటిగా చెబుతోంది. అయినా రిజర్వేషన్ల లెక్క తేలలేదన్నారు, కేసులన్నారు, తర్వాత కోవిడ్ అన్నారు. ఈలోపు రాష్ట్రంలో ప్రభుత్వమే మారింది. ఊరికి మాత్రం ఎన్నిక రాలేదు. చివరికి ఆపేది లేదని సుప్రీంకోర్టు చెప్పాక గానీ పోలింగు జరగలేదు.

ఆ రోజుల్లోనే మా వీధి సైడు కాలువ పూడిపోయి, వాన పడితే మురుగు గుమ్మాల్లోకి వచ్చేది. స్పెషలాఫీసరు గారికి మాతో కలిపి నాలుగు ఊళ్ళు. మనిషి మంచివారే. వారానికో పూట వచ్చి, అర్జీ తీసుకుని వెళ్ళేవారు. ఆయన్ని గట్టిగా అడగడానికి మా చేతిలో ఏమీ లేదు, మేం ఓటేసి తెచ్చుకున్న మనిషి కాదు కదా. కాలువ తర్వాత బాగుపడింది. టీ కొట్టు దగ్గర విన్న మాట మాత్రం ఇంకా నన్ను వదల్లేదు. "సర్పంచి లేకపోతే ఇప్పుడేం ఆగిపోయిందండీ? పింఛన్లు వస్తున్నాయి కదా" అన్నారు ఒక పెద్దాయన. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు.

నియంతృత్వం అనగానే మనకి రోడ్ల మీదకొచ్చిన ట్యాంకులు గుర్తొస్తాయి. నన్ను ఎక్కువ భయపెట్టేవి చట్టప్రకారం కూలిన దేశాలు. హిట్లర్ 1933 జనవరి 30న జర్మనీకి ఛాన్సలర్, అంటే ప్రధాని లాంటి పదవిలోకి వచ్చాడు. నియమించింది ఎన్నికైన అధ్యక్షుడే. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడితే, మర్నాడే రాజ్యాంగంలోని అత్యవసర అధికరణాన్ని చూపించి పౌరహక్కులు తీసేశారు. మార్చి 23న, పార్లమెంటు లేకుండానే చట్టాలు చేసుకునే అధికారాన్ని పార్లమెంటే ప్రభుత్వం చేతిలో పెట్టింది. కమ్యూనిస్టు సభ్యుల్ని రానివ్వలేదు. సభ చుట్టూ నాజీ దళాలు నిలబడ్డాయి. అనుకూలంగా 444 ఓట్లు, వ్యతిరేకంగా 94. ఆ 94 ఓట్లూ సోషల్ డెమోక్రాట్లవి. జూలై 14కల్లా ఆ దేశంలో ఒకే పార్టీ మిగిలింది. ఆరు నెలలు కూడా పట్టలేదు. ఇంత చేసినా నాజీలు పాత రాజ్యాంగాన్ని లాంఛనంగా ఎప్పుడూ రద్దు చేయలేదు. మా బోర్డు మీద వరుసలాగే, చూసేవాళ్ళకి ఏదీ తెగినట్టు కనిపించదు.

హంగరీలో ఆ మంటలూ, ఆ దళాలూ కూడా అక్కర్లేకపోయాయి. 2010లో మూడింట రెండొంతుల మెజారిటీ వచ్చిన పార్టీ కొత్త రాజ్యాంగం రాసుకుని, న్యాయమూర్తుల రిటైర్మెంటు వయసు 70 నుంచి 62కి దించింది. సీనియర్లు ఒక్కసారిగా ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది.

మన దగ్గరా జరిగింది. ఎమర్జెన్సీ మాట వస్తే మా నాన్నగారు "రైళ్ళు టైముకి నడిచేవి" అనే మొదలుపెట్టేవారు. 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి సంతకం అయిపోయింది, కేంద్ర మంత్రివర్గానికి తెల్లారాక చెప్పారు. ఢిల్లీలో పత్రికలకి కరెంటు తీసేశారు. ప్రధాని ఎన్నికను కోర్టులు ముట్టుకోకుండా 39వ సవరణ, లోక్‌సభకు ఆరేళ్ళ కాలం ఇస్తూ 42వ సవరణ, రెండూ పార్లమెంటు ఆమోదించినవే. అన్యాయంగా జైల్లో పెట్టినా కోర్టుకి వెళ్ళే హక్కు లేదని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో ఐదుగురిలో నలుగురు తీర్పు ఇచ్చారు. కాదన్న ఒక్క జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాకి రావాల్సిన ప్రధాన న్యాయమూర్తి పదవి రాలేదు. నటి స్నేహలతారెడ్డి బెంగళూరు జైల్లో ఉబ్బసంతో నెలల తరబడి అల్లాడి, 1977 జనవరిలో బయటికొచ్చిన కొద్దిరోజులకే పోయారు. ఆ మార్చిలో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో ఉత్తరాది జనం తిరగబడ్డారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. ఒక్క నంద్యాల పోయింది. అంటే మా అమలాపురం, నరసాపురం, కాకినాడ, రాజమండ్రి కూడా అటే. ఓటు ఎవరిష్టం వాళ్ళది. కానీ దెబ్బ మన గుమ్మం దాకా రాలేదు కాబట్టి నొప్పి తెలియలేదేమో అనిపిస్తుంది. టీ కొట్టు దగ్గర పెద్దాయన అన్నదీ ఆ మాటే.

వరద రోజుల్లో ఏటిగట్టు కాపలా కాసేవాళ్ళని చూస్తూ పెరిగాం. పైనుంచి నీరు పొర్లితే ఎవరికైనా కనిపిస్తుంది. వాళ్ళు టార్చిలైటు వేసి వెతికేది గట్టు అడుగున, ఊరివైపు దిగే ఊట కోసం. తేట నీరు వస్తే ఇసుక బస్తాలు వేసి కనిపెట్టుకుని ఉంటారు. బురద నీరు వస్తే మాత్రం ఊరంతా లేపుతారు, లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. 1986 ఆగస్టులో గండ్లు పడిన ఊళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

వాయిదాపడే ఎన్నిక, విచారణ మొదలవకుండానే జైల్లో గడిచే ఏళ్ళు, భర్తీ చేయని సమాచార కమిషనర్ల పోస్టులు నాకు బురద నీరులాగే కనిపిస్తాయి. మన వైపు ఏకగ్రీవాలు కూడా. గుడికింత, రోడ్డుకింత అని పెద్దలు నలుగురు కూర్చుని సర్పంచి పదవికి వేలంపాట పెట్టేస్తారు. ఏకగ్రీవమైతే ప్రభుత్వమే నజరానా ఇస్తుంది. కొత్తగా ఓటు వచ్చి, పంచాయతీ ఎన్నిక కోసం చూసిన అమ్మాయి వేలికి సిరా అంటకుండానే ఐదేళ్ళు గడిచిపోతాయి.

బోర్డు మీద 2018కి, 2021కి మధ్య ‘ఎన్నిక జరగలేదు’ అని ఒక వరుస రాయించమని అర్జీ ఇచ్చాను. గ్రామసభ తీర్మానం ఉండాలన్నారు సెక్రటరీ గారు. సభ రోజున లేచి అడుగుతాను. టీ కొట్టు పెద్దాయన్ని కూడా రమ్మని చెప్పాను. "చూద్దాంలెండి, వస్తాను" అన్నారు.