రూ.350 గదికి ఆశపడకుండ్రి, రూ.1,800 గదిని ఇడువకుండ్రి

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన్రని టీవీల రాంగనే రెండు పనులైతయి. హైదరాబాదు కార్లన్నీ సాగర్ రోడ్డు పడతయి. ఇగ ముందే గది బుక్ చేసుకున్నోళ్లకు ఫోన్లు మొదలైతయి: "సార్, ఆన్‌లైన్ల రేటు తప్పు పడ్డది, మీరు జర క్యాన్సిల్ చేసుకోండ్రి."

రేటు తప్పు పడుడు వేరు, గిరాకీ పెరిగినంక పాత రేటు తప్పనిపించుడు వేరు. హోటలోళ్లు రెండింటినీ ఒక్క సంచిల ఏసి మాట్లాడుతరు. మనం కూడ "పాపం, తప్పయిందట" అని ఊకుంటం.

నిజంగ తప్పు ఎట్ల పడతదంటే, హోటలోళ్లు రేటు ఒక్కకాడ ఎక్కిస్తే చానెల్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని అన్ని బుకింగ్ యాప్‌లకు పంపుతది. 3,500 కొట్టబోయి 350 కొడితే అన్నిట్ల అదే కనపడతది. ఎక్స్‌ట్రా బెడ్డు రేటు గది రేటు గడిల పడుడు, మూడు గంటల ఫ్రెషప్ రేటు రోజు గదికి ఎక్కుడు, ఇవి అసలైన తప్పులు.

ఎక్కువసార్లు జరిగేది మాత్రం ఇది కాదు, ఆఫర్ మీద ఆఫర్. 4,000 గదికి ముందస్తు బుకింగ్ తగ్గింపు 30 శాతం పోతే 2,800. ఫోన్‌ల బుక్ చేస్తే ఇంకో 10 శాతం, 2,520. యాప్ సభ్యులకు 15 శాతం, 2,142. దీన్ల యాప్ కమీషన్ 18 శాతం అనుకున్నా హోటల్ చేతికి 1,756 వస్తది, సగం కూడ కాదు. అప్పుడు ఓనర్‌కు గుండె గుభేలంటది. గాని ఆ మూడు ఆఫర్లకు టిక్కు పెట్టింది వాళ్లే గదా!

చట్టం సంగతి. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 22 ప్రకారం ఒక్క పక్షమే పొరపాటు పడ్డదన్న ఒక్క కారణంతోని ఒప్పందం రద్దు చేసుకోరాదు. ఇది చూసి రూ.350 గది మనదే అనుకోవద్దు. సింగపూర్‌ల ఒక వెబ్‌సైట్ 3,854 డాలర్ల ప్రింటర్‌ను 66 డాలర్లకు పెడితే ఆరుగురు కలిసి 1,606 ప్రింటర్లు ఆర్డర్ పెట్టిన్రు. అది తప్పని తెలిసే కొన్నరు, ఒప్పందం చెల్లదని కోర్టు తేల్చింది, 2005ల పై కోర్టూ అదే అన్నది. ఆ తీర్పు మన కోర్టులను కట్టెయ్యదు గాని తర్కం అర్థమైతది గదా. బుకింగ్ యాప్‌ల నిబంధనలల్ల కూడ కండ్లకు కొట్టొచ్చే తప్పు ధరకు కట్టుబడమని రాసి ఉంటది. అట్లాంటి గది దొరికితే ఆ రోజే హోటల్‌కు ఫోన్ చేసి అడుగుండ్రి, పిల్లాజెల్లతోని పోయి రోడ్డు మీద నిలబడే కన్నా నయం. పది గదులు పట్టి మారుబేరం చేద్దామనుకునేటోళ్ల మీద నాకైతే జాలి లేదు.

ఆఫర్ల మీద ఆఫర్లతోని రూ.1,800కు దిగిన గది సంగతి వేరే. అది నమ్మదగ్గ ధర, గట్టిగ అడగొచ్చు.

బుక్ చేసిన రోజే స్క్రీన్‌షాట్లు తీయండ్రి: గది రకం, తారీఖు, ధర, పన్ను. అదే గది ముందు రోజు, ఎనుక రోజు ధర కూడ తీస్తే "ఒక్క రోజుకే తప్పు పడ్డది" అనే మాటకు జవాబు ఉంటది. "కన్ఫర్మ్డ్" అని ఓచర్ రావాలె, "పెండింగ్" అంటే ఇంకా ఏం లేనట్టే. కౌంటర్‌ల 12 శాతం జీఎస్టీ అంటే ఒప్పుకోవద్దు, 2025 సెప్టెంబర్ 22 నుంచి రూ.7,500 దాకా గదికి 5 శాతమే.

అన్నిటికంటె ముఖ్యం, ఫోన్ వస్తే మీ చేతితోని క్యాన్సిల్ నొక్కవద్దు. నొక్కితే రికార్డుల మీరే వద్దన్నట్టు పడతది, ఇగ యాప్‌ను అడిగే మొఖం ఉండది. "మీరే చేయండ్రి, కారణం వాట్సప్‌ల రాయండ్రి" అనండ్రి. సగం మంది అక్కడనే సల్లబడతరు. నిజంగ తప్పు పడ్డ హోటలైతే రాత్రి లెక్కలు చూసుకునేటప్పుడో, తెల్లారో ఫోన్ చేసి పైసలు వాపస్ ఇస్తది. రిసెప్షన్‌ల ఒక్క పిలగాడు ఉండే లాడ్జికి ఇంకో రోజు పట్టనీ, సరే అనుకుందం. మూడు వారాలు కనపడని తప్పు గేట్లెత్తిన తెల్లారే ఎట్ల కనపడ్డది?

వాళ్లే రద్దు చేస్తే ముందు యాప్‌ను అదే స్థాయి గది అడగండ్రి. ఇయ్యకపోతే వేరే గది తీసుకొని జీఎస్టీ బిల్లు దాచుండ్రి, ఎందుకంటే మీరు అడిగే నష్టం ఆ తేడానే. యాప్‌ల ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండ్రి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటలల్ల అందిందని చెప్పాలె, నెలల పరిష్కరించాలె. అప్పటికీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండ్రి. హోటల్ గోవాల ఉన్నా సరే, 2019 వినియోగదారుల చట్టంతోని మీరుండే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లనే కేసు ఏయొచ్చు. కట్టిన సొమ్ము రూ.5 లక్షల దాకా ఫీజు లేదు, గడువు రెండేండ్లు. ఐదు వందల తేడాకు అంత దూరం పోవుడు దండుగ. పెండ్లికి తీసుకున్న ఎనిమిది గదులు రద్దు చేస్తే మాత్రం పోవాలె, ఎనిమిది గదుల బిల్లులూ పట్టుకొని.