సవరణ: ఆర్కియోప్టెరిక్స్, హెర్మన్ ఫాన్ మేయర్

శిలాజాలను పరిశోధించిన జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ మేయర్ (1801–1869) గురించి మొన్న నేను పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది పెద్దదే. బెర్లిన్ మ్యూజియంలో ఉన్న ఆర్కియోప్టెరిక్స్ (పక్షిలా ఈకలున్న ప్రాచీన జీవి) అస్థిపంజరాన్ని చూసి మేయర్ ఆ పేరు పెట్టాడని రాశాను. అది కుదరని పని. ఆ అస్థిపంజరం 1870ల్లో దొరికింది, మేయర్ 1869లోనే చనిపోయాడు! రెండు తేదీలూ ఒకే పోస్టులో రాసి కూడా చూసుకోలేదు. 1861లో ఆయన ముందున్నది జర్మనీలోని సోల్న్‌హోఫెన్ ప్రాంతపు సున్నపురాయిలో అచ్చుపడిన ఒక ఈక. అదే ఏడాది ఈకలతో ఉన్న అస్థిపంజరం ఒకటి దొరికిన సంగతి కూడా ఆయనే ప్రకటించాడు. అది లండన్‌కు అమ్ముడుపోయింది, 1863లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ దాన్ని వివరంగా వర్ణించాడు. ఆర్కియోప్టెరిక్స్ లితోగ్రాఫికా అన్న పూర్తి పేరులోని 'లితోగ్రాఫికా' ఆ రాయి వల్ల వచ్చింది. అప్పట్లో బొమ్మలు అచ్చువేయడానికి ఆ పలకలనే వాడేవారు. ఆ ఈక ఆర్కియోప్టెరిక్స్‌దేనా అనే వాదన మాత్రం ఇంకా తెగలేదు.

రెండోది, ఆయన్ని 'ప్రొఫెసర్' అన్నాను. కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మన్ సమాఖ్య సభ (అప్పటి జర్మన్ రాజ్యాల ఉమ్మడి సభ) ఆర్థిక విభాగంలో ఉద్యోగం ఆయనది. గోటింగెన్ విశ్వవిద్యాలయం పిలిచినా వెళ్లలేదు. పగలు జమాఖర్చులు చూసుకునే మనిషి 1837లో డైనోసార్ రకమైన ప్లేటియోసారస్‌కు పేరు పెట్టాడు, 1846లో భూగర్భ శాస్త్రవేత్త డుంకర్‌తో కలిసి 'పేలియంటోగ్రాఫికా' అనే శిలాజశాస్త్ర పత్రిక మొదలుపెట్టాడు. నిజానికి నేను రాసిన 'ప్రొఫెసర్' కంటే ఇదే ఆసక్తికరంగా ఉంది.

పాత పోస్టులో ఈ రెండు చోట్లా మార్చాను.