కథలు చదివితే జ్వరం తగ్గదు, నిజమే. కానీ…

ఈమధ్య మా గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘ఎంబీబీఎస్ పిల్లలకి సాహిత్యం, నాటకం, చరిత్ర అంటూ ఈ క్లాసులేంటి? ఉన్న సిలబస్‌కే టైమ్ చాలడం లేదు. మంచితనం పుట్టుకతో రావాలి గానీ పాఠం చెబితే వస్తుందా? ఎప్పటివో పాత సంగతులు డాక్టరుకెందుకు? మాకు కావాల్సింది జబ్బు తగ్గించే డాక్టరు, కబుర్లు చెప్పే డాక్టరు కాదు’ అని దాని సారాంశం. డాక్టర్లు కూడా చప్పట్ల బొమ్మలు పెట్టి మరీ పంపుతున్నారు. కోనసీమలో హౌస్ సర్జన్లకు మెడిసిన్ వార్డులో పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి జవాబు చెప్పడం నా పనే అనుకుంటున్నాను.

అందరికీ బాగా నచ్చింది చివరి మాటే. ‘జబ్బు తగ్గించే డాక్టరు చాలు.’ సరే, అలాగే అనుకుందాం. జబ్బు తగ్గాలంటే ముందు పేషెంటుకు అసలేం జరుగుతోందో తెలియాలి కదా.

నరసాపురం వైపు నుంచి పంటు ఎక్కి గోదావరి దాటి మా ఓపీకి ఒకావిడ వస్తుంది. రొయ్యల షెడ్డులో వలుపు పని. షుగరు మూడొందల దగ్గరే ఉండేది. వచ్చినప్పుడల్లా మాత్ర డోసు పెరుగుతూ పోయింది. ‘మందులు వేసుకుంటున్నారా?’ అంటే ‘ఆయ్, వేసుకుంటున్నానండి’ అనేది. చీటీ మీద మాత్రం ‘మందులు సరిగా వాడటం లేదు’ అని రాసి ఉంది. ఒక హౌస్ సర్జన్ అమ్మాయి స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, ‘పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారో చెప్పండి పిన్నిగారూ’ అంది.

అప్పుడు బయటపడింది. చెరువులో రొయ్యలు పట్టి లోడు ఎప్పుడొస్తే అప్పుడే పని. కేజీల లెక్కన కూలి కాబట్టి మధ్యలో లేస్తే డబ్బు పోతుంది. వేళకి తిండి ఉండదు. ఒకరోజు మాత్ర వేసుకుని, తినకుండా పనిలో కూర్చుంటే ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, ట్రేల మధ్యే పడిపోయిందట. షుగరు ఒక్కసారిగా పడిపోవడమంటే అదే. ఆ రోజు నుంచి షెడ్డుకి వెళ్లే రోజుల్లో మాత్ర మానేసి, పని లేని రోజుల్లో మాత్రమే వేసుకుంటోంది. మాట వినని పేషెంటు కాదావిడ. ఎవరూ చెప్పని జాగ్రత్త తనంతట తనే తీసుకుంది. పెంచిన డోసు నిజంగానే మింగి ఉంటే ఇంకా ప్రమాదం. ఆ మాత్ర ఆపేసి, భోజనం ఆలస్యమైనా షుగరు అంతగా పడిపోని రకం రాశాం.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) పుస్తకంలో లేదు. కథ చదివేవాడు అడిగే ప్రశ్న అది: ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది, ఈ మనిషి ఇలా ఎందుకు చేసింది? జవాబు దొరికాక ఫార్మకాలజీ పనికొచ్చింది. ఇది కబుర్లు అయితే కబుర్లే కావాలి.

ఒక్క పేషెంటుతో ఏం రుజువవుతుందంటారా? అమెరికాలో 1984లో డాక్టర్లు, పేషెంట్ల మాటలు రికార్డు చేసి చూశారు. పేషెంటు తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నాడు. మన ఓపీల్లో క్యూ చూస్తే అంతసేపు కూడా ఎక్కువే అనిపిస్తుంది. ఫిలడెల్ఫియాలో 891 మంది షుగరు పేషెంట్లను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనం ఇంకొకటి ఉంది. సహానుభూతి, అంటే ఎదుటివాళ్ల బాధను అర్థం చేసుకునే గుణం, దాని స్కోరు ఎక్కువున్న డాక్టర్ల దగ్గర 56 శాతం మందికి మూడు నెలల సగటు షుగరు అదుపులో ఉంటే, తక్కువున్న డాక్టర్ల దగ్గర 40 శాతం మందికే ఉంది. దీన్నిబట్టి సహానుభూతే షుగరు తగ్గించిందని ఖాయంగా అనలేం. జబ్బు తగ్గడానికీ దానికీ సంబంధమే లేదని మాత్రం ఇక అనడానికి లేదు.

‘టైమ్ లేదు’ అన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. న్యూయార్క్‌లో మౌంట్ సినాయ్ మెడికల్ కాలేజీ 1987 నుంచి సాహిత్యం, చరిత్ర లాంటివి చదివిన వాళ్లను ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఎంట్రన్సు లేకుండానే చేర్చుకుంది. 2010లో లెక్క తీస్తే వాళ్లకు మొదటి లైసెన్సు పరీక్షలో మార్కులు కాస్త తగ్గాయి గానీ, మొత్తం మీద డాక్టర్లుగా మిగతావాళ్లకు సమానంగానే నిలబడ్డారు. ఇక్కడ మనమేమీ ఫిజిక్స్ తీసేయమనడం లేదు. నాలుగున్నరేళ్ల చదువులో కొన్ని గంటలు అడుగుతున్నాం, అంతే.

‘మంచితనం పుట్టుకతో రావాలి.’ ఇది వినడానికి బాగుంటుంది. అమెరికాలో మెడికల్ విద్యార్థుల సహానుభూతిని ఏటేటా కొలిచిన అధ్యయనం 2009లో వచ్చింది. మూడో ఏడాదిలో అది బాగా పడిపోతోందని తేలింది. ఆ ఏడాదే వాళ్లు వార్డుల్లో పేషెంట్లతో గడపడం మొదలుపెట్టేది! చదువు వల్ల పోగొట్టుకునేది చదువు వల్ల నిలబెట్టుకోలేమా?

అయినా సాహిత్యం, చరిత్ర లాంటి మానవీయ శాస్త్రాలు (హ్యుమానిటీస్) అనగానే మంచితనం పాఠాలనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. పెన్సిల్వేనియాలో 36 మంది మొదటి ఏడాది విద్యార్థుల్లో సగం మందికి మ్యూజియంలో పెయింటింగులను చూడటం నేర్పారు. తర్వాత కంటి జబ్బుల ఫొటోలిచ్చి ఏం కనిపిస్తోందో చెప్పమంటే, నేర్చుకోని సగం కంటే వాళ్లు మెరుగ్గా చెప్పారు. అక్కడ పెరిగింది దయ కాదు, చూపు.

ఇక ‘పాత సంగతులు ఎందుకు’ అన్నవాళ్లు గోదావరి వెంట భద్రాచలం దాకా వెళ్లాలి. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన బాలికలు సహా వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి చూసే ప్రాజెక్టు నడిచింది. చాలామంది పిల్లలకు అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టేశారు. 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారు, ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో అన్నారు. టీకా మంచిదే, మా బంధువుల పిల్లలకి నేనే వేయించుకోమంటాను. కానీ సమ్మతి పత్రం అంటే సంతకం చేయించే కాగితం అనుకునే డాక్టరుకు ఈ చరిత్ర చెప్పకపోతే రేపు వాడు మళ్లీ అదే చేస్తాడు.

బోదకాలు సంగతి చూడండి. అది వ్యాపించకుండా మన డెల్టాలో ఇంటింటికీ డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు పంచారు. పంచిన లెక్కలు ఎప్పుడూ ఘనంగానే ఉంటాయి. మింగినవాళ్లెందరు? ‘నాకేం జబ్బు లేదుగా’ అని దేవుడి గూట్లో పెట్టేసేవాళ్లు కొందరు, పక్కింటాయనకి మాత్ర వేసుకున్నాక జ్వరమొచ్చిందని భయపడేవాళ్లు కొందరు. ఒంట్లో బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలుంటే, అవి చచ్చేటప్పుడు అలా జ్వరం రావచ్చు. అంటే మందు పనిచేస్తోందన్నమాట. ఆ మాట అరుగు మీద కూర్చుని నమ్మేలా చెప్పగలగడం ఏ మైక్రోస్కోపూ నేర్పదు.

మెసేజ్ రాసినవాళ్లు తిట్టాల్సింది ఒకటుంది, దాన్ని వదిలేశారు. 2019 సిలబస్‌లో నైతికత, పేషెంటుతో మాటతీరు నేర్పడానికి ఏట్‌కామ్ అని ఒక భాగం పెట్టారు. చాలాచోట్ల అది లాగ్ బుక్కులో సంతకాల తంతుగా మారిపోయింది. వందమందిని హాల్లో కూర్చోబెట్టి సహానుభూతి గురించి స్లైడ్లు చదివేస్తారు. వెనక బెంచీలో పిల్లలు పీజీ ఎంట్రన్సు బిట్లు చేసుకుంటారు, వాళ్లను తప్పు పట్టను. పదేసి మందిని వార్డులోకి తీసుకెళ్లి, ఒక్కో పేషెంటు దగ్గర అరగంట కూర్చోబెట్టి, విన్నది ఒక పేజీ రాయించి, మర్నాడు అందరి ముందూ చదివించమనండి. ఆ డిమాండుతో మెసేజ్ వస్తే నేనే అందరికీ ఫార్వర్డ్ చేస్తాను.